పరిమళ పొగాకు గృహ తయారీ: సున్నం, బెల్లం, సుగంధ ద్రవ్యాల రసాయన పాత్ర

తెలుగులో ఈ మొక్కకు పొగను బట్టి పేరు వచ్చింది. అయినప్పటికీ దేశంలో పొగాకును కాల్చేవారి కంటే నోట పెట్టుకొనేవారే ఎక్కువ. 2016-17లో జరిగిన ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం భారతదేశంలో 15 సంవత్సరాలు, అంతకు పైబడిన వయస్సు గలవారిలో 21.4 శాతం మంది పొగరహిత పొగాకును, 10.7 శాతం మంది ధూమపాన రూపంలో పొగాకును వాడుతున్నారు. పొగరహిత రూపాలలో మొదటి స్థానం ఖైనీది. వక్క, సున్నం, పొగాకు కలిపిన కిళ్ళీ, జర్దా, గుట్కా ఆ తరువాతి స్థానాలలో ఉన్నాయి.

వీటిలో కొంత భాగం దుకాణంలో పొట్లంగా కొన్నది కాగా, కొంత భాగం ఇంటిలో తయారైనది. ఆకును కొని తెచ్చి, ఈనె తీసి, బెల్లపు నీరు చిలకరించి, యాలకులు, లవంగాలు దంచి కలిపి డబ్బాలో నిల్వ చేసుకొనే అలవాటు పెద్దవయస్సు వారిలో నేటికీ కనిపిస్తుంది. గుట్కాపై నిషేధాలు వచ్చిన తరువాత ఈ అలవాటుకు ఒక సమర్థన కూడా తోడైంది. దుకాణపు సరుకులో ఏవో రసాయనాలు కలుపుతారనీ, ఇంటిలో చేసుకొన్నది శుద్ధమైనదనీ పలువురి నమ్మకం. విస్తరణ శాస్త్రవేత్తలు గ్రామాలలో తరచుగా ఎదుర్కొనే వాదన ఇది. దీనికి కేవలం హెచ్చరికతో సమాధానం చెప్పడం చాలదు. ఇంటి తయారీలోని ప్రతి దశలో ఆకు రసాయనం ఏ విధంగా మారుతుందో తెలిసినప్పుడే ఆ నమ్మకంలోని లోపాన్ని చూపగలుగుతారు.

ఆకు స్వభావం

నమలడానికి వాడే ఆకు ఒకే రకానికి చెందినది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అధిక విస్తీర్ణంలో పండే వర్జీనియా పొగాకు ప్రధానంగా సిగరెట్ల కొరకు ఉద్దేశించినది. బ్యారన్‌లో వేడిగాలితో పదును చేసినప్పుడు దానిలోని పిండిపదార్థం చక్కెరలుగా మారి, ఆకు పసుపు రంగుతో, తేలికపాటి ఆమ్ల గుణంతో తయారవుతుంది. గోదావరి లంకలలో పండే లంక పొగాకు చుట్టలకు ప్రసిద్ధి. నమిలే పొగాకుకు దక్షిణాదిన ముఖ్యమైన ప్రాంతం తమిళనాడులోని దిండిగల్, వేడసందూర్ పరిసరాలు. రాజమహేంద్రవరంలో 1947లో నెలకొల్పబడిన కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ వేడసందూర్‌లో ఒక పరిశోధనా కేంద్రాన్ని నిర్వహించడానికి కారణం కూడా ఇదే. అక్కడి ఆకును ఎండలో పదును చేసి, కుప్పలు పోసి మాగబెడతారు. ఉత్తరాదిన బీహార్, పశ్చిమ బెంగాల్ ప్రాంతాలలో నికోటియానా రస్టికా అనే వేరొక జాతి కూడా నమలడానికి, హుక్కాకు సాగులో ఉన్నది. ఈ జాతి ఆకులో నికోటిన్ శాతం సాధారణ పొగాకు కంటే గణనీయంగా అధికం.

ఒకే మొక్కపై కూడా ఆకులన్నీ సమానం కావు. తలలు తుంచిన మొక్కలో పై ఆకులకు నికోటిన్ ఎక్కువగా చేరుతుంది. అడుగు ఆకులలో తక్కువ. నికోటిన్ వేళ్ళలో తయారై నీటితోపాటు పైకి ప్రయాణించి ఆకులలో నిల్వ అవుతుంది. నడిమి ఈనెలో నికోటిన్ తక్కువగానూ, నైట్రేట్ ఎక్కువగానూ ఉంటాయి. అందువలన ఇంటిలో ఆకు కొలత ఒకటే అయినా, అది ఏ జాతిది, మొక్కపై ఏ భాగం నుండి కోసినది, ఈనె తీసినదా లేదా అనే అంశాలను బట్టి నోటికి చేరే నికోటిన్ అనేక రెట్లు మారవచ్చు. ఇంటి తయారీలో మోతాదు పాటిస్తున్నామనే మాటకు ఈ కారణంగా శాస్త్రీయమైన ఆధారం లేదు.

ఇంటిలో జరిగే పని

ప్రాంతాన్ని బట్టి పద్ధతులు మారినా, వరుస చాలావరకు ఒకటే. పదునైన ఆకుపై చెమ్మ చిలకరించి మెత్తబరుస్తారు. ఈనె ఒలిచి, మిగిలిన భాగాన్ని తుంచుతారు లేదా సన్నగా తరుగుతారు. బెల్లం లేదా తాటిబెల్లం కరగించిన నీటిని, కొన్నిచోట్ల కొద్దిగా ఉప్పును, పట్టించి ఊరనిస్తారు. నీడన ఆరబెట్టిన తరువాత యాలకులు, లవంగాలు, సోంపు, జాజికాయ, జాపత్రి, పచ్చకర్పూరం వంటివి పొడిచేసి కలుపుతారు. సున్నాన్ని కొందరు ముందే కలుపుతారు; ఎక్కువమంది వాడే సమయంలో కలుపుకొంటారు.

జర్దా తయారీలో ఆకు ముక్కలను సున్నం, సుగంధ ద్రవ్యాలతో కలిపి నీటిలో ఉడికించి, నీరంతా ఇగిరిన తరువాత ఎండబెట్టి రంగు, పరిమళం చేరుస్తారు. కిమామ్‌కు ఈనె తీసిన ఆకును పన్నీరు, కుంకుమపువ్వు, యాలకులు మొదలగు వాటితో ఉడికించి, మెత్తగా నలిపి, వడగట్టి, చిక్కని ముద్దగా అయ్యేవరకు మరిగిస్తారు. ఖైనీకి వంట అవసరం లేదు. అరచేతిలో ఆకుముక్కలు, సున్నం వేసి బొటనవ్రేలితో నలిపి, రెండు దెబ్బలు తట్టి దుమ్ము ఎగరగొట్టి క్రింది పెదవి లోపల ఉంచుకొంటారు. తయారీలో ఇంత సరళమైన ఖైనీయే దేశంలో అత్యధికంగా వాడబడుతున్న పొగరహిత పొగాకు కావడం గమనార్హం. పరిమళం లేకుండానే అది ఇంతగా వ్యాపించడానికి ఆధారమైన పదార్థం సున్నం.

సున్నం చేసే పని

వ్యవసాయ కీటకశాస్త్రం చదివిన విద్యార్థులకు ఈ విషయం వేరొక సందర్భంలో సుపరిచితమే. సంశ్లేషిత కీటకనాశనులు రాకముందు పేనుబంక వంటి రసం పీల్చే పురుగులపై 40 శాతం నికోటిన్ సల్ఫేట్ ద్రావణాన్ని నీటిలో కలిపి పిచికారి చేసేవారు. ఆ ద్రావణానికి సబ్బునో, సున్నాన్నో చేర్చాలని పాఠ్యగ్రంథాలు సూచించేవి. లవణ రూపంలోని నికోటిన్ కీటక దేహంలోకి సులభంగా చొచ్చుకుపోదు. క్షారం చేర్చినప్పుడు లవణం విడిపోయి స్వేచ్ఛా నికోటిన్ వెలువడి, ఆవిరి రూపంలోనూ, స్పర్శ ద్వారానూ కీటకాన్ని చంపుతుంది. క్షీరదాలకు దీని విషప్రభావం తీవ్రమైనది. నికోటిన్ సల్ఫేట్ వినియోగాన్ని భారత ప్రభుత్వం 1992లో దేశంలో నిషేధించి, ఎగుమతి కొరకు తయారీని మాత్రమే అనుమతించింది. పైరుపై చల్లడానికి తగదని తీర్మానించిన పదార్థాన్ని అదే సున్నంతో, అదే సూత్రంపై, అరచేతిలో విడుదల చేసి నోట పెట్టుకోవడమే ఖైనీ వాడకం. మోతాదులో తేడా ఉన్నది గానీ రసాయన చర్యలో తేడా లేదు.

పదునైన ఆకులో నికోటిన్ ఎక్కువగా సేంద్రియ ఆమ్లాలతో కలిసి లవణ రూపంలో ఉంటుంది. ఈ రూపంలో దానికి విద్యుదావేశం ఉన్నందున కొవ్వుతో నిర్మితమైన కణత్వచాన్ని దాటడం కష్టం. ఆవేశం లేని స్వేచ్ఛా రూపం నోటి శ్లేష్మపొరను త్వరగా దాటి రక్తంలో చేరుతుంది. ఈ రెండు రూపాల నిష్పత్తిని నిర్ణయించేది ఉదజని సూచిక, అనగా పీహెచ్. నికోటిన్ వియోజన స్థిరాంకం సుమారు 8.0. దీని ఆధారంగా లెక్కించినప్పుడు పీహెచ్ 6 వద్ద స్వేచ్ఛా నికోటిన్ సుమారు 1 శాతం, పీహెచ్ 7 వద్ద సుమారు 9 శాతం, పీహెచ్ 8 వద్ద దాదాపు సగం, పీహెచ్ 9 వద్ద సుమారు 90 శాతం ఉంటుంది. అంటే ఆకు మోతాదును ఏమాత్రం పెంచకుండా, చిటికెడు సున్నంతో పీహెచ్‌ను 6 నుండి 9కి చేర్చితే శ్లేష్మపొరను వెంటనే దాటగల నికోటిన్ తొంభై రెట్లవుతుంది. పూరిత సున్నపు నీటి పీహెచ్ సుమారు 12.4 కనుక ఈ మార్పుకు సున్నం ఎక్కువ అవసరం లేదు.

వాడుకదారుల అనుభవం ఈ రసాయనంతో సరిపోతుంది. ఎండిపోయిన పాత సున్నం పట్టదని వారు చెప్పే మాట సరియైనదే. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని సున్నం కాల్షియం కార్బొనేట్‌గా మారి క్షారతను కోల్పోతుంది. సున్నపుకాయలో సున్నాన్ని తడిగా, మూతపెట్టి ఉంచే ఆచారానికి కారణం ఇదే. ఖైనీ నలిపినప్పుడు ముక్కుకు తగిలే ఘాటులో సున్నపు దుమ్ముతోపాటు క్షారం వలన విడుదలయ్యే అమ్మోనియా పాత్ర కూడా ఉన్నది.

తరగతి గదిలో ఈ విషయాన్ని చూపడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. పసుపులోని కర్కుమిన్ పీహెచ్ సుమారు 7.4 నుండి 8.6 మధ్య పసుపు రంగు నుండి ఎరుపు గోధుమ రంగుకు మారుతుంది. పారాణిలో ప్రతి ఇంటా కనిపించే రంగు మార్పు ఇదే. పసుపు నీటిలో ముంచి ఆరబెట్టిన వడపోత కాగితపు ముక్కలను రెండింటిని తీసుకొని, ఒకదానిపై పొగాకు నానబెట్టిన పలుచని నీటిని, రెండవదానిపై సున్నం కలిపిన అదే నీటిని వేయాలి. మొదటిది పసుపుగానే నిలుస్తుంది. రెండవది ఎరుపెక్కుతుంది. కాగితం పూర్తిగా ఎర్రబడిన స్థితిలో నికోటిన్‌లో సగానికి పైగా స్వేచ్ఛా రూపంలో ఉన్నదని విద్యార్థి గ్రహించవచ్చును. ప్రదర్శన చేసేవారు చేతి తొడుగులు ధరించడం అవసరం.

సున్నం స్వయంగా కూడా శ్లేష్మపొరను దాహకంగా గాయపరుస్తుంది. ప్రతిరోజూ ఒకే చోట ఖైనీ ఉంచుకొనేవారిలో ఆ చోటనే పొర మందమై, తెల్లబారి, ముడతలు పడడం దంతవైద్యులు తరచుగా గుర్తించే లక్షణం. గాయపడిన పొర గుండా నికోటిన్‌తోపాటు ఇతర హానికర పదార్థాలు కూడా లోనికి చేరడం సులభమవుతుంది.

బెల్లం, పరిమళాలు

బెల్లం నికోటిన్‌ను తగ్గించదు. చేదును, కారాన్ని మరుగుపరచడం, చెమ్మను పట్టి ఉంచి ఆకు పెళుసుబారకుండా చూడడం దాని పని. తీపి ఎక్కువైన మిశ్రమంలో పీహెచ్ కొంత తగ్గవచ్చును. అప్పుడు వాడుకదారుడు మత్తు చాలలేదని సున్నం పెంచుతాడు. ఫలితంగా బెల్లం వలన కలిగిన తగ్గుదల నిలవదు.

సుగంధ ద్రవ్యాల సంగతి కొంత లోతుగా చూడవలసినది. ఇవి కేవలం వాసన కొరకు చేరేవి కావు. లవంగంలోని యూజినాల్‌కు స్థానికంగా తిమ్మిరి కలిగించే గుణం ఉన్నది. పంటినొప్పికి లవంగ నూనె వాడడం దీనిపై ఆధారపడినదే. పుదీనా పువ్వు, అనగా మెంథాల్, చల్లదనాన్ని గుర్తించే నాడీ గ్రాహకాలను ఉత్తేజపరచి మంటను తెలియనీయదు. పచ్చకర్పూరం కూడా ఇటువంటి చల్లని భావననే కలిగిస్తుంది. సున్నం, నికోటిన్ కలిసి నోటిని కాల్చుతుండగా ఆ మంటను నోరు గుర్తించకుండా చేసేవి ఈ ద్రవ్యాలే. కొత్తగా అలవాటుపడేవారిని మొదటి రోజులలో వెనుకకు లాగేది ఆ మంటే. పరిమళం ఆ అడ్డును తొలగిస్తుంది. యువతలో సాదా ఆకు కంటే పరిమళ పొగాకు త్వరగా వ్యాపించడానికి ఇది ముఖ్య కారణం. కనుక పరిమళాన్ని నిరపాయకరమైన అలంకారంగా భావించడం సరికాదు.

ఊరబెట్టడంలో దాగిన ప్రమాదం

నికోటిన్ వ్యసనానికి కారణం. క్యాన్సర్‌కు ప్రధాన కారణాలు మాత్రం పొగాకుకు ప్రత్యేకమైన నైట్రోసమైన్లు. వీటిలో ఎన్‌ఎన్‌ఎన్, ఎన్‌ఎన్‌కే అనే రెండింటిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ మానవులలో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. పొగరహిత పొగాకు కూడా అదే వర్గంలో ఉన్నది. నోరు, అన్నవాహిక, క్లోమం క్యాన్సర్లతో దాని సంబంధం నిర్ధారితమైనది.

పచ్చి ఆకులో నైట్రోసమైన్లు అతి స్వల్పం. పదును చేసేటప్పుడు, మాగబెట్టేటప్పుడు, చెమ్మతో నిల్వ చేసేటప్పుడు అవి ఏర్పడతాయి. ఆకులోని నైట్రేట్‌ను సూక్ష్మజీవులు నైట్రైట్‌గా క్షయకరణం చేస్తాయి. ఆ నైట్రైట్ నికోటిన్, నార్‌నికోటిన్ వంటి ఆల్కలాయిడ్లతో చర్య జరిపి నైట్రోసమైన్లను ఏర్పరుస్తుంది. ఈ చర్యకు కావలసినవి నైట్రేట్, ఆల్కలాయిడ్, చెమ్మ, వెచ్చదనం, సూక్ష్మజీవులు. బెల్లపు నీరు పట్టించి మూత బిగించిన డబ్బాలో ఈ అయిదూ లభిస్తాయి. వారం పదిరోజులు ఊరితే ఆకు పక్వానికి వచ్చిందని, వాసన కమ్మబడిందని ఇంటివారు సంతోషించే సమయంలోనే నైట్రైట్ పేరుకొనే అవకాశం ఎక్కువ. వాసన బాగున్నది గనుక సరుకు బాగున్నదని అనుకోవడానికి వీలులేదు, ఎందుకంటే ఈ నైట్రోసమైన్లను నాలుక గానీ, ముక్కు గానీ గుర్తించలేదు.

స్వీడన్‌లో వాడే స్నూస్ తయారీలో మాగబెట్టే పద్ధతికి బదులుగా పొడిచేసిన ఆకును ఆవిరితో వేడిచేసి సూక్ష్మజీవులను నిర్మూలిస్తారు; తరువాత చల్లని స్థలంలో నిల్వ చేస్తారు. నైట్రోసమైన్ల స్థాయి తగ్గడానికి ఇది ముఖ్య కారణమైనది. అయినప్పటికీ అది నిరపాయకరమైన పదార్థం కాదు, వ్యసనకారి కూడా. జర్దా, కిమామ్ తయారీలో ఆకును ఉడికిస్తారు కదా, అదే ఫలితం రాదా అనే ప్రశ్న సహజం. ఉడికించడం వలన ఆ క్షణంలో సూక్ష్మజీవులు నశించవచ్చు గానీ, మాగబెట్టిన ఆకులో అప్పటికే ఏర్పడిన నైట్రోసమైన్లు పోవు. ఉడికిన సరుకును ఆరుబయట ఆరబెట్టి, చేతులతో కలిపి, చెమ్మతో డబ్బాకెత్తినప్పుడు సూక్ష్మజీవులు తిరిగి చేరతాయి.

ఈ అంశం పొలంలో మొదలవుతుంది. నత్రజని ఎరువును మోతాదుకు మించి వేసిన పైరులో ఆకు నైట్రేట్ పెరుగుతుంది. బర్లీ పొగాకు నత్రజనిని సమర్థంగా వినియోగించుకోలేదు; దాని ఆకులో నైట్రేట్, దానితోపాటు నైట్రోసమైన్లు అధికం. కొన్ని మొక్కలలో నికోటిన్ నార్‌నికోటిన్‌గా మారే జన్యులక్షణం ఉన్నందున ఎన్‌ఎన్‌ఎన్ మరింత పెరుగుతుంది. ఈ మార్పిడి తక్కువగా ఉండే విత్తనాన్ని ఎంపిక చేయడం ద్వారా బర్లీలో ఎన్‌ఎన్‌ఎన్‌ను తగ్గించే ప్రయత్నాలు పలు దేశాలలో జరిగాయి. ఇంటిలో ఆకు కొనేవారికి ఈ సమాచారమేదీ లభించదు. వీటికి తోడు పొగాకు మొక్క నేలలోని కాడ్మియంను ఆకులలో పోగుచేసే స్వభావం కలది. ఇంటిలో కడిగినంత మాత్రాన కణజాలంలోని కాడ్మియం పోదు.

వక్కను కూడా కలిపితే వేరొక ప్రమాదం తోడవుతుంది. పొగాకు లేకపోయినా వక్క స్వయంగా క్యాన్సర్ కారకంగా వర్గీకరించబడినది. నోరు క్రమంగా తెరుచుకోలేని స్థితికి దారితీసే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్‌కు ముఖ్య కారణం వక్కే. పొగాకు మాని వక్కపొడికి మారామని చెప్పేవారికి ఈ సంగతి తెలియజేయడం అవసరం.

వంటింటిలో పొగాకు

ఇంటి తయారీకి దుకాణపు సరుకులో లేని ఒక ప్రత్యేక ప్రమాదం ఉన్నది. పొట్లంపై బొమ్మతో కూడిన హెచ్చరిక ఉంటుంది. వంటింటి డబ్బాపై ఏమీ ఉండదు. యాలకుల వాసన, బెల్లపు తీపి గల పదార్థం పిల్లలకు తినుబండారంగా తోచడం సహజం. పొగాకు మింగిన పసిపిల్లలలో వాంతులు, చొంగ కారడం, చెమటలు, పాలిపోవడం మొదట కనిపిస్తాయి. మోతాదు ఎక్కువైతే నీరసం, ఫిట్స్, శ్వాస మందగించడం సంభవించవచ్చు. అటువంటి సందర్భంలో వాంతి చేయించే ప్రయత్నాలు మాని వెంటనే ఆసుపత్రికి తరలించాలి. ఆకును నానబెట్టిన గిన్నె, దంచిన రోలు తిరిగి వంటకు వాడడం కూడా తగదు. నికోటిన్ నీటిలో సులభంగా కరుగుతుంది. చర్మం గుండా కూడా శరీరంలో చేరుతుంది. తడి ఆకు కోసే కూలీలలో కనిపించే వాంతులు, తలతిరుగుడు ఈ కారణంగా వచ్చేవే. ఊరబెట్టిన ఆకును ఒట్టి చేతులతో పిసికే గృహిణికి కూడా అదే ప్రమాదం స్వల్ప మోతాదులో ఉంటుంది, గర్భిణి అయితే మరింత జాగ్రత్త అవసరం.

చట్టపరంగా కూడా ఒక హద్దు ఉన్నది. తయారుచేసినది ఇరుగుపొరుగుకు అమ్మకానికి చేరితే 2003 నాటి సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం ప్రకారం హెచ్చరిక లేని పొట్లం అమ్మడం నేరమవుతుంది. ఆహార పదార్థాలలో పొగాకు, నికోటిన్ కలపరాదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. పిల్లలకు పొగాకు ఇవ్వడం 2015 నాటి బాలల న్యాయ చట్టం క్రింద తీవ్రమైన శిక్షకు పాత్రమైనది. చిన్నవానిని ఖైనీ నలపమని పెద్దలు పురమాయించే ఇళ్ళలో ఈ సంగతి ఎవరికీ తెలియదు.

విస్తరణ కార్యక్రమంలో

పొగాకు పండించే గ్రామంలో పొగాకుకు వ్యతిరేకంగా మాట్లాడడం విస్తరణ శాస్త్రవేత్తకు ఇబ్బందికరమే. పంటను నిందించకుండా వాడకాన్ని చర్చించవచ్చు. అందుకు అనువైన మార్గం ఉపన్యాసం కంటే ప్రశ్న. ఆకు ఎక్కడిది, సున్నం ఎంత, వక్క కలుపుతారా, ఎన్నాళ్ళు ఊరబెడతారు, డబ్బా ఎక్కడ ఉంటుంది అని అడిగితే, సమాధానాల నుండే చర్చ మొదలవుతుంది. పసుపు కాగితపు ప్రదర్శన ఇక్కడ కూడా ఉపయోగపడుతుంది. వాడుకదారుడు తన సున్నంతోనే రంగు మారడం చూస్తాడు.

మానదలచినవారికి సున్నాన్ని మాత్రమే తగ్గించమని సలహా ఇవ్వడం సరికాదు. మత్తు తగ్గినప్పుడు వారు ఆకును పెంచుతారు, ఎక్కువసేపు నోట ఉంచుకొంటారు. నైట్రోసమైన్ల భారం పెరుగుతుంది. నోటికి ఏదో ఒకటి కావాలనే అలవాటుకు పొగాకు, వక్క రెండూ లేని సోంపు, వాము, యాలకులు, లవంగం ఉపకరిస్తాయి. తీవ్రమైన వ్యసనం గలవారికి నికోటిన్ చూయింగ్ గమ్ వైద్యుని సలహాతో తోడ్పడుతుంది. దానిలో కూడా నికోటిన్ నోటి ద్వారా చేరడానికి క్షారగుణం గల లవణాలు కలుపుతారు. ఖైనీలో సున్నం చేసే పనినే అవి పరిమితమైన మోతాదులో, నైట్రోసమైన్ల భారం లేకుండా చేస్తాయి. జాతీయ పొగాకు విరమణ సహాయవాణి 1800-11-2356 ద్వారా ఉచితంగా సలహా లభిస్తుంది.

క్షేత్ర సందర్శనలో ఒక పరిశీలనను అలవాటు చేసుకోవచ్చును. దీర్ఘకాలం వాడినవారిని, పొగాకు ఉంచుకొనే చోట పెదవిని గానీ బుగ్గను గానీ తిప్పి అద్దంలో చూసుకొమ్మని కోరాలి. తుడిచినా పోని తెల్లని మచ్చ, ఎర్రని మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, నోరు తెరవడంలో బిగుతు, కారం తగిలితే భరించలేని మంట కనిపించినవారిని నొప్పి లేకపోయినా దంతవైద్యుని వద్దకు పంపాలి. లవంగం, కర్పూరం కలిసిన పొగాకు వాడేవారిలో నొప్పి ఆలస్యంగా తెలియవచ్చునన్న సంగతిని వారికి అప్పుడే వివరించాలి.